నైసా, బరకా?

ఆ రోజుల్లో నాకు తెలియని ఇంగ్లీషు మాట ఒకటి ఉందని ఒప్పుకోవడం కంటే పులిగడ్డ వంతెన మీంచి కృష్ణలో దూకడం తేలికనిపించేది. ఎం.ఏ. పట్టా చేతికొచ్చి ఆర్నెల్లు. గుడివాడలో ఒక కాలేజీలో పార్ట్‌టైం లెక్చరర్ని. మా బంధువుల్లో అంత ఇంగ్లీషు చదివినవాణ్ణి నేనొక్కణ్ణే కావడంతో మందు సీసా మీద చీటీ చదవాలన్నా, కరెంటాఫీసుకి అర్జీ రాయాలన్నా నన్నే పిలిచేవారు. నేనూ ఎవరేమడిగినా గడ్డం నిమురుకుని ఏదో ఒకటి చెప్పేసేవాణ్ణి (గడ్డమంటే అప్పటికి పద్నాలుగు వెంట్రుకలు, అద్దం ముందు నేనే లెక్కపెట్టాను). తప్పు చెప్పినా పట్టుకునేవాళ్ళు లేరు కాబట్టి నా పరువుకి ఢోకా ఉండేది కాదు.

మా అమ్మకి అన్న, నాకు మావయ్య, ఆయనకి కోడూరులో పిండిమర ఉండేది. ఆయనకొచ్చిన ఇంగ్లీషల్లా ఒకే ఒక్క మాట. బియ్యమో మినుములో గిన్నెలో పోసుకుని వచ్చినవాళ్ళని "నైసా, బరకా?" అని అడిగేవాడు. మెత్తగా ఆడితే నైసు, గరుగ్గా ఆడితే బరక. మర మోతలో మాట వినపడదు కాబట్టి బొటనవేలికి చూపుడువేలు రాసి చూపించేవాడు. పోనుపోను ఆ మాట మర గడప దాటింది. పీతల పులుసు నైసు. పాస్టరుగారు ప్రసంగం తొందరగా ముగిస్తే అదింకా నైసు. గాలివాన చేనంతా పడుకోబెట్టి పోయిన మర్నాడు గట్టు మీద నిలబడి కూడా "నైస్‌గా చేశావయ్యా ప్రభువా" అన్నాడట. పిండి పడి తెల్లబడ్డ కనుబొమ్మలతో ఆయన ఊరందరికీ నైస్ మావయ్యే.

ఆ మావయ్య గుండె నీరసించి బందరులో ఆసుపత్రిలో పడ్డాడు. మా అత్తయ్య మూడు రోజులు మంచం పక్క స్టూలు దిగలేదు. నాలుగో రోజు మధ్యాహ్నం, దగ్గర్లోనే ఉన్న చెల్లెలింటికి వెళ్ళి స్నానం చేసి జావ కాచి తెస్తానని లేచింది. వెళ్తూ వెళ్తూ నా చెయ్యి పట్టుకుంది. "కనిపెట్టుకుని ఉండు నాయనా. ఏదన్నా అంటే గుర్తుపెట్టుకో. నాకు చెప్పాలి నువ్వు." అలాగే అత్తయ్యా అన్నాను, అదేమంత పని అన్నట్టు.

ఆవిడటు వెళ్ళిందో లేదో మావయ్య కళ్ళు తెరిచాడు. "అల్లుడూ, ముప్పయ్యేళ్ళ నుంచీ నైసూ నైసూ అంటన్నాను గదా, అసలు ఆ మాట ఎక్కడిదిరా? అర్థమేంటి?" అన్నాడు. ఊపిరి అందక మధ్యలో రెండుసార్లు ఆగాడు. తెలీదు మావయ్యా అంటే అయిపోయేది. ఆయన నవ్వి, "ఎమ్మేకి కూడా తెలీదంటరా" అని నాలుగు రోజులు ఏడిపించేవాడు, బతికుంటే. నేను మాత్రం గడ్డం నిమురుకున్నాను. "అది పెద్ద కథ మావయ్యా, వచ్చి చెప్తానుండు" అని నైస్‌గా జారుకున్నాను (మన జిల్లాలో ఆ మాటకి ఈ వాడుక కూడా ఉంది, దీనికి నేనే ఉదాహరణ).

కింద కాంటీన్‌లో ఫ్యాను కింద కూర్చుని, టీ చెప్పి, ఫోన్లో వెతికాను. ఆ కథ నిజంగానే పెద్దది. లాటిన్‌లో పుట్టినప్పుడు దాని అర్థం 'తెలియనివాడు' అట. ఫ్రాన్సు వెళ్ళేసరికి 'తెలివితక్కువవాడు' అయింది. ఇంగ్లండు చేరాక కొన్నాళ్ళు పిరికివాడు, కొన్నాళ్ళు ప్రతిదానికీ వంకలు పెట్టేవాడు, ఆ తర్వాత సూక్ష్మమైనది, చివరికి ఇవాళ మనమనే 'బాగుంది'. ఆ సూక్ష్మమే సముద్రాలు దాటి మా కోడూరు పిండిమరలో దిగిందని నాకు నేనే తీర్మానించుకుని పొంగిపోయాను. మావయ్యకి ఎలా చెప్పాలో మనసులో వరసపెట్టుకుంటూ ఇంకో టీ చెప్పాను.

మెట్లెక్కి వచ్చేసరికి మంచం చుట్టూ తెర లాగేసి ఉంది. పక్క మంచం దగ్గరున్న పెద్దావిడ నన్ను చూసి, "ఎక్కడికెళ్ళావు బాబూ? పాపం, రెండు మూడు సార్లు తలుపు వైపు చూశాడు" అంది. ఇంతలో అత్తయ్య జావ గిన్నెతో వచ్చింది. ఆ గిన్నె ఎవరు అందుకున్నారో నాకు గుర్తు లేదు.

మాలో సమాధి కార్యక్రమమయ్యాక ఆదరణ కూడిక పెడతారు. పాటలు, వాక్యం అయ్యాక, ఆఖరి ఘడియలో పక్కనున్న మనిషి లేచి, పోయినవారు ఎలా నిద్రించారో, ఏం మాట్లాడారో చెప్పాలి. ఇంటివాళ్ళు ఆ మాటలే దాచుకుని బతుకుతారు. పాస్టరుగారు నా పేరు పిలిచి ఐదు నిమిషాలన్నారు. ముందు వరసలో చాప మీద కూర్చున్న అత్తయ్య తలెత్తింది.

నేను ఇరవై నిమిషాలు మాట్లాడాను. లాటిన్ నుంచి మొదలుపెట్టాను. ఫ్రాన్సులో కాసేపు ఆగాను. 'తెలివితక్కువవాడు' అన్నప్పుడు వెనక నుంచి ఎవరో ముసలాయన అలవాటు కొద్దీ "ఆమెన్" అన్నాడు. పాస్టరుగారు గోడ గడియారం చూశారు, తర్వాత చేతి గడియారం చూశారు. నాకు మాత్రం ఆగితే భయం. ఆగితే చెప్పాల్సింది ఆ మధ్యాహ్నం సంగతే. చివరికి "మావయ్య సమాధానంగా, శాంతిగా నిద్రించారు" అని గబగబా అనేసి కూర్చున్నాను. చొక్కా వీపుకి అతుక్కుపోయింది.

భోజనాల దగ్గర అత్తయ్య నన్ను మర గదిలోకి పిలిచింది. మర ఆగి ఉంది. తొట్టి అంచున పాత పిండి ఇంకా తెల్లగా ఉంది. "ఆఖర్న ఏవన్నాడో చెప్పలేదేం నాయనా?" అంది. ఇక దాచలేకపోయాను. "నేను అక్కడ లేనత్తయ్యా. టీకి వెళ్ళాను. ఏమన్నాడో నాకు తెలీదు" అని ఏడ్చేశాను.

"ఆ పెద్దావిడ నాకు ఆ రోజే చెప్పింది. నువ్వు చెప్తావేమోనని చూస్తన్నా" అంది. కొంగుతో తొట్టి అంచు తుడుస్తూ, "తెలీదన్న ఒక్క ముక్క అనటానికి అన్ని దేశాలు తిరిగొచ్చావా?" అంది. ఆ మాటకి ఏడుస్తున్నవాణ్ణి నవ్వాను, ఆవిడా నవ్వబోయింది. నవ్వలేక తొట్టి అంచు పట్టుకుంది. "తలుపేపు చూశాడంట. నాకోసమంటావా? నీకోసమంటావా?"

నీకోసమే అత్తయ్యా అనేస్తే సరిపోయేది. నాలిక చివరిదాకా వచ్చింది. కానీ అప్పటికే ఒక అబద్ధం మైకులో చెప్పి ఉన్నాను. "తెలీదత్తయ్యా" అన్నాను.

"పోన్లే. ఇద్దరికోసవనే అనుకుందాం" అని పైట కొంగుతో నా మొహం తుడిచింది. కొంగు నిండా పిండి ఉందని, ఆ మొహంతోనే భోజనాల బంతిలో కూర్చున్నానని తర్వాత ఎవరో చెప్పారు.

ఇప్పటికీ గుడివాడలోనే పాఠాలు చెబుతున్నాను. పిల్లలు తెలియనిది అడిగితే తెలీదంటాను, నిలబడ్డచోటు నుంచి కదలకుండా. కోడూరు వెళ్తే అత్తయ్య మర దగ్గర మోతలో రెండు వేళ్ళు రాసి చూపిస్తూ ఎవరినో అడుగుతూ ఉంటుంది. ఒక్కోసారి కాంటీన్‌లో ఫ్యాను కింద పద్నాలుగు వెంట్రుకలు నిమురుకుంటూ ఫోన్ చూసుకునే ఆ కుర్రాడు కళ్ళ ముందుకొస్తాడు. నవ్వొస్తుంది. పక్కన కూర్చుని ఒక్క ముక్క చెప్పాలనిపిస్తుంది: రెండో టీ చెప్పకురా నాయనా, పైకెళ్ళు.