బుడగ లేని సీసా

దంతాలపల్లి నుంచి జనగామలో నీళ్లు పరీక్ష చేసే ల్యాబుకు నీళ్లు పట్టుకొని పోవడం నాకిది రెండోసారి. మొదటిసారి నా చేతులారా పాడుచేసుకున్నాను. మీ ఊరి నీళ్లకు ఇట్లాంటి తిప్పలొస్తే పనికొస్తుందని రాస్తున్నాను.

మా బడి ఎదురుగా పెట్రోల్ బంకు ఉంది. ఎండాకాలం నుంచి బడి చేతిపంపు నీళ్లు తాగితే నోట్లో మందు చేదు, ముక్కుకు మందు వాసన. పెట్రోల్ కలుస్తోందేమోనని అడిగితే, బంకాయన స్టీలు గ్లాసులో నీళ్లు పట్టి చూపించాడు. "పైన నూనె తేలుతలేదు గదా, పెట్రోల్ యాడిది?" అన్నాడు. హెడ్మాస్టరు నమ్మాడు. పిల్లలు అవే నీళ్లు తాగుతున్నారు. వాళ్లలో నా మనవరాలు ఉంది.

మొదటిసారి కూల్‌డ్రింక్ సీసాలో పట్టుకుపోతూ, రైల్లో అడిగిన వాళ్లందరికీ మూత తీసి వాసన చూపించాను. జనగామ చేరేసరికి నీళ్లలో ఆ వాసనే మిగల్లేదు, పరీక్షలో ఏమీ తేలలేదు. అయినా ల్యాబు అమ్మాయి నన్ను వెళ్లగొట్టలేదు.

"అవ్వా, పెట్రోల్ల కలిపే మందు ఒకటుంటది. అది తేలదు, నీళ్లల్ల కలిసిపోతది. గాలి తగిలితే ఎగిరిపోతది. సీసాల ఒక్క బుడగ గూడ ఉండొద్దు," అని రెండు చిన్న గాజు సీసాలిచ్చింది.

ఈసారి పొద్దున ఐదున్నరకే పంపు దగ్గరికి పోయాను. పైపులో నిలిచిన నీళ్లు పోయేదాకా కొట్టాను. ముప్పై ఏళ్లు ఇల్లిల్లూ తిరిగి పాలు పోసిన చెయ్యి నాది. నురగ లేస్తే కొలత తక్కువని జనం ఊరుకోరు. సీసాను ఒరగబట్టి, సన్నటి ధార సీసా లోపలి గోడ వెంట జారనిచ్చి, మూతి మీద నీళ్లు ఉబ్బాక మూత బిగించాను. తలకిందులు చేసినా బుడగ లేదు. ఐసు నింపిన టిఫిన్ డబ్బాలో పెట్టాను.

ఆరుంబావుకు బస్సు. ఆధార్ చూపిస్తే ఆడవాళ్లకు ఛార్జీ లేదు. మహబూబాబాద్‌లో జనరల్ టికెట్ తీసుకున్నాను. రైలు అరగంట ఆలస్యం. ఎదురు సీట్లో భూపాలపల్లి పోయే ఒకామె కూర్చుంది.

"డబ్బల ఏంది, అవ్వా?"

"నీళ్లు."

"ఐసుల పెట్టేటంత నీళ్లా? జర మూత తియ్యి, సూస్త."

"తియ్య. పోయినసారి తీసే ఇజ్జత్ పోగొట్టుకున్న."

ఆమె నవ్వింది. సంగతంతా విన్నాక నవ్వడం మానేసింది. కాజీపేటలో దిగుతూ, "మా వాడకట్టు బోరు గూడ గట్లనే వాసనొస్తది. ఆ సీసాలు యాడ ఇస్తరు?" అని అడిగి రాసుకుంది.

పదిన్నరకు జనగామ. ల్యాబు అమ్మాయి సీసాలను వెలుతురుకు పెట్టి తిప్పి చూసింది.

"ఎవరు నింపిన్రు?"

"నేనే."

"మా పోరగాళ్లకే మూడుసార్లకు గాని కుదరదు, అవ్వా."

"నాలుగు రోజులు పాలు పొయ్యుమను. కుదురుతది."

మధ్యాహ్నం స్టేషన్ బెంచీ మీద జొన్నరొట్టె, మామిడికాయ తొక్కు తిన్నాను. మూడింటికి మళ్లీ ల్యాబుకు పోతే ఆ అమ్మాయి కాగితం ఇచ్చింది, అంతా ఇంగ్లీషు. యాభై దాటాక అక్షరాలు దిద్దినదాన్ని, నాకు తెలుగే వచ్చు. "కింద తెలుగుల రాసి సంతకం పెట్టు, బిడ్డా," అన్నాను. రాసిచ్చింది.

తిరుగు రైల్లో కూర్చోగానే హెడ్మాస్టరుకు ఫోన్ చేశాను.

"రేపు మాట్లాడుకుందం, అమ్మా," అన్నాడు.

"రేపు పొద్దుగాల్నే పిల్లలు మళ్ల తాగుతరు, సారూ. ఇనున్రి." వరుస కింద వేలు పెట్టి చదివాను: "ఈ నీళ్లలో పెట్రోలులో కలిపే రసాయనం ఉంది. తాగరాదు."

"పంపుకు తాళం ఏపిస్త," అన్నాడు.

"ఎప్పుడు?"

"గిప్పుడే."

"అయితే ఫోన్ పెట్టకున్రి."

గొలుసు పంపు పిడికి చుట్టుకున్న చప్పుడు, తాళం పడ్డ చప్పుడు నా చెవులతో విన్నాకే ఫోన్ పెట్టేశాను. ఇక మిగిలింది బంకాయన. ఆయన దగ్గరికి రైలెక్కి పోనక్కర్లేదు, రోడ్డు దాటితే చాలు.