ముల్లు దూకిన చోటు

ఆయన అసలు పేరు ఆ వీధిలో ఎవరికీ అక్కర్లేదు. ఫుల్‌సైడ్ ఎక్కడంటే చాలు, మెట్లకింద కొట్టు చూపిస్తారు. రికార్డుల నుంచి క్యాసెట్లకి పాటలెక్కించే కొట్టు అది. ఖాళీ క్యాసెట్ పట్టుకొచ్చి "ఆ హుషారు పాటొక్కటి ఎక్కించండి సార్" అని ఎవరైనా అడిగారా, అయిపోయారే! "ఒక్కటేంటి? పాడినవాడు ఒక సైడుకి ఆరు పెట్టాడు. ఆరూ వింటానంటే కూర్చో, లేదంటే దయచెయ్యి" అని ఒంటికాలి మీద లేచేవాడు. రాక్ అండ్ రోల్ అంటే ఆయనకి ప్రాణం, దాన్ని వినేవాళ్ళంటే మాత్రం ఒళ్ళుమంట. తిట్లు తింటూనే జనం వరస కట్టేవాళ్ళు. ఏం చేస్తారు మరి, ఊరంతటికీ ఆ రికార్డులున్నది ఆయన దగ్గరే.

ఆ మహానుభావుడు మనిషిలా ఉండేది ఒక్కడితోనే. వాడు భార్య తమ్ముడు, ఊళ్ళో కుర్రాళ్ళ బ్యాండులో డ్రమ్స్ వాయించేవాడు. కొత్త రికార్డు వచ్చిన రోజు మధ్యాహ్నం షట్టరు సగం దించి, బావా బావమరిదీ నేలమీద చతికిలబడి, రెండు సైడులూ అయ్యేదాకా కిక్కురుమనకుండా వినేవాళ్ళు.

అంతా చెడింది ఒక్క పాట దగ్గర. బ్యాండు వాళ్ళు తమ మొదటి కచేరీకి ఆ పాట ఎంచుకుని, ఆయన ఎక్కించిన క్యాసెట్ విని నేర్చుకున్నారు. ఓసారి కొట్లో అందరూ ఉండగా బావమరిది అన్నాడు. "బావా, రెండో చరణంలో ఒక దెబ్బ తక్కువ పడుతోంది. ముల్లు దూకుతోందేమో, ఓసారి రికార్డు చూడు."

"నా రికార్డా!" అని ఆయన ఇంతెత్తున ఎగిరాడు. "నాలుగు దాకా లెక్కపెట్టడం రానివాడివి, నీకు డ్రమ్సెందుకురా? ముందు చెవులు బాగుచేయించుకో పో."

అందరూ పగలబడి నవ్వారు. ఫుల్‌సైడ్ మాటంటే అప్పట్లో తిరుగులేదు. ఆ వారంలోనే బ్యాండు వాళ్ళు ఇంకో డ్రమ్మర్ని తెచ్చుకున్నారు. బావమరిది డ్రమ్స్ అమ్మేసి సోఫాలు కుట్టే పనిలో చేరాడు. మళ్ళీ బావ గడప తొక్కితే ఒట్టు.

"మావాణ్ణి మీరే ఒక్కసారి పిలవండి" అని భార్య ఏటా బతిమాలేది.

"వాడే వచ్చి తప్పు ఒప్పుకోమను. తలుపేం మూసి లేదు." అలా అంటూనే, కొత్త రికార్డు పెట్టిన ప్రతిసారీ షట్టరు కిందినుంచి ఎవరైనా వంగి వస్తారేమోనని అటే చూసేవాడు. వాడు రావాలి. ఆయనకి కావలసిందల్లా అదే. కానీ తల వంచుకుని రావాలట!

ముప్పై ఏళ్ళు గడిచాయి. క్యాసెట్లు పోయి సీడీలొచ్చాయి, సీడీలు పోయి ఫోన్లొచ్చాయి. "క్యాసెట్ రోజుల్లో నచ్చని పాట దాటాలన్నా కాసేపు తిప్పాల్సొచ్చేది" అని వచ్చినవాళ్ళకీ రానివాళ్ళకీ చీవాట్లు పెట్టేవాడు. "సీడీ వచ్చాక బటన్ నొక్కి గెంతారు. ఇప్పుడు పాడేవాడు నోరు తెరవకముందే వేలితో పక్కకి తోసేస్తున్నారు. థూ!" ఇంట్లో ఫోన్‌లో పాట వినిపిస్తే ఫోన్ కిటికీలోంచి పోతుందని కూతురికి వార్నింగు. ఆ పిల్ల పెళ్ళయ్యేదాకా చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకునే వింది.

ఈమధ్య మళ్ళీ రికార్డులకి గిరాకీ వచ్చింది. ఒక అమ్మాయి వచ్చి సరిగ్గా ఆ పాటున్న రికార్డే అడిగింది.

"ఇంట్లో ప్లేయరుందా?" అన్నాడు.

"లేదండీ, గోడకి పెడతాను. అట్ట చాలా బాగుంది."

"గోడకా? అట్టకోసం రికార్డా! ఇందులో ఒక్క పాటైనా విన్నావా అసలు?"

"అన్నీ విన్నాను" అని ఆ పిల్ల తగ్గకుండా ఫోన్ తీసి పాట పెట్టింది. ఆయన ఛీ అనబోయాడు. రెండో చరణం వచ్చింది. ఆయన ఎన్నడూ వినని మూడు మాటలు అక్కడ వినిపించాయి.

"నీ ఫోన్ తప్పు."

ఆ పిల్ల అదే పాట స్టేజీమీద పాడింది పెట్టింది. తర్వాత ఇంకోటి పెట్టింది. అన్నిట్లోనూ ఆ మూడు మాటలున్నాయి, తాళం నాలుగుకి నాలుగూ సరిపోయింది. ఆయన రికార్డు బల్లమీద పెట్టి భూతద్దంతో వెతికాడు. సన్నటి గీత, వెంట్రుకంత. కొన్న రోజు నుంచీ ముల్లు అక్కడ దూకుతూనే ఉంది. ఆయన చేతిమీదుగా ఊరు ఊరంతా ఆ పాటని మూడు మాటలు తక్కువగా పాడింది.

ఆయనకి తల కొట్టేసినట్టయింది. ఆ పిల్ల కొట్లోనే ఉందన్న సంగతి కూడా మరిచి, రికార్డు చంకన పెట్టుకుని సోఫాల షెడ్డుకి పరుగులాంటి నడకతో వెళ్ళాడు.

బావమరిది జుట్టు నెరిసిపోయింది. కుర్చీకి కొత్త గుడ్డ లాగి మేకులు కొడుతున్నాడు. తలెత్తి చూశాడు, మళ్ళీ పనిలో పడ్డాడు.

"ఒరేయ్, రికార్డే దూకిందిరా. నువ్వన్నదే నిజం. నాదే తప్పు. రా, ఇంటికి పోదాం."

"తెలుసు బావా."

"ఏం తెలుసు?"

"ఫోన్లో ఆ పాట పదేళ్ళ కిందటే విన్నాను. అక్కే వినిపించింది. నువ్వూ ఎక్కడో ఓచోట వినకపోతావా, రాకపోతావా అని మూడేళ్ళు చూశాను."

"మీ అక్కకి తెలుసా? మరి నాకు చెప్పలేదేం?"

"అక్కకి తెలుసు, నీ కూతురికి తెలుసు, బ్యాండులో మిగిలినవాళ్ళకీ తెలుసు. నీకు చెప్పే ధైర్యం ఎవరికుంది బావా? నేనొకసారి చెప్పాను కదా!"

ఆయన రికార్డు ముందుకి చాచాడు. బావమరిది దానివైపు చూడనైనా చూడలేదు.

"ఈ కుర్చీ సాయంత్రంలోగా ఇచ్చెయ్యాలి, జరుగు" అన్నాడు. ఆయన జరిగాడు.