బడిలో నా గొంతు మూగపోయిన మూడు నెలలు

సహోదరులారా, నోరు తెరిస్తే గాలి తప్ప మాట రాని రోజులు మీలో ఎవరికైనా వచ్చాయో లేదో తెలియదు, నాకు వచ్చాయి. మహబూబాబాద్ జిల్లాలో ఓ ఉన్నత పాఠశాలలో నేను ఇంగ్లీషు చెబుతాను, పిల్లల చేత నాటకాలు కూడా వేయిస్తాను. ఒక ఉదయం తొమ్మిదో తరగతిలో పుస్తకం తెరిచి మొదటి వాక్యం చదవబోతే గొంతు పెగల్లేదు. దగ్గాను, నీళ్ళు తాగాను, మళ్ళీ ప్రయత్నించాను, గాలే వచ్చింది. నేనొక ముక్క చదివితే దాన్ని పిల్లలంతా ఒక్క గొంతుతో తిరిగి చెప్పడం మా పద్ధతి. ఆ ముక్క కోసం నలభై మంది నోళ్ళు సగం తెరిచి నా వంక చూస్తున్నారు, నేను వాళ్ళ వంక చూస్తున్నాను, ఎంత భయంకరమైన నిశ్శబ్దం అది!

వరంగల్‌లో చూపించుకుంటే, ఏళ్ళ తరబడి అరిచి అరిచి గొంతు లోపల చిన్న గడ్డలు కట్టాయని తేలింది. “సార్, మూడు నెలలు మాట బంద్ జెయ్యాలె, గుసగుస గూడ వద్దు. గోలీలు వాడుండ్రి. పాత గొంతు మళ్ళ వస్తదని మాత్రం నేను మాట ఇయ్యలేను” అన్నాడు డాక్టరు.

ఆ గొంతు ఎలాంటిదో మీకు చెప్పాలి. కాలేజీ రోజుల నుంచి నేను హేతువాదిని. సభల్లో మైకు అవసరం లేని గొంతు నాది. బాబాలను, తాయెత్తులను, చేతబడి పేరుతో మనుషుల్ని కొట్టేవాళ్ళను దుమ్మెత్తిపోశాను, అందులో తప్పేమీ లేదు, ఈ రోజుకీ ఆ మాట మీదే ఉన్నాను. కానీ దేవుడి సంగతి కూడా గొంతు బలంతో తేల్చేయొచ్చనుకున్నాను, అదీ నా అజ్ఞానం! నా భార్య రూతు డోర్నకల్ రైల్వే ఉద్యోగి కూతురు, చిన్ననాటి నుంచి విశ్వాసి. ఆదివారం ఆమెను జనగామలో ఈ మందిరం గేటు దగ్గరే దింపి, నేను బయట చాయ్ తాగుతూ వచ్చేపోయే మిమ్మల్ని ప్రశ్నలతో ఆపేవాణ్ణి. మన పాస్టరుగారి నోరు మూడుసార్లు మూయించాను, ఆయన నవ్వుతున్నారు చూడండి! ఇంటికి పోతుంటే బండి మీద వెనక నుంచి రూతు అనేది: “మీరు అందర్ని గెలుస్తరు. గెలిచినంక మీ పక్కన కూసునేటోడు ఒక్కడన్న మిగుల్తడా?”

అలాంటి గొంతు పోయింది. బస్టాండులో తొర్రూరు, తొర్రూరు అని అరిచే కండక్టరును చూసినా నాకు ఆశ పుట్టేది, కూరగాయల బండివాడి కేక విన్నా ఆగి చూసేవాణ్ణి. ఇంట్లో రూతు సాయంత్రం మోకరిస్తే, అడ్డు తగలడానికి గొంతు లేక, ఆమె ప్రార్థన మొదటిసారి చివరిదాకా విన్నాను. “తండ్రీ, ఈయన గొంతు నీకెరుకే. గా గొంతుతోని నీతోనే కొట్లాడిండు. అయినా గది నాకు గావాలె ప్రభువా, ఇల్లంత సప్పుడు లేకుంట అయింది” అని ఏడ్చింది. నేను ఇన్నేళ్ళూ ఎగతాళి చేసిన ప్రార్థనలో ఆమె అడిగింది నా కోసమేనా! పక్కన మోకరించాను. నమ్మి కాదు, నిలబడలేక.

సెలవు పెట్టి ఇంట్లో కూర్చోలేక బడికి పోయాను. జిల్లాల మధ్య నాటక పోటీ భూపాలపల్లిలో ఉంది, మా పిల్లలు సిద్ధం కావాలి. పని కోసం ఊరు విడిచిపోయే తండా కుటుంబం కథ అది, నేనే రాశాను. అంతకు ముందు ఏ నాటకమైనా అన్ని వేషాలూ నేనే చేసి చూపేవాణ్ణి, పిల్లలు అచ్చం నాలాగే చేసేవాళ్ళు, మధ్యలో నేను గొంతు సవరించుకుంటే అక్కడ వాళ్ళూ సవరించుకునేవాళ్ళు, అది చూసి నేను మురిసిపోయేవాణ్ణి! ఇప్పుడు బోర్డు మీద “మొదలుపెట్టండి” అని రాస్తే ఎవరూ కదల్లేదు. “సార్, మీరు జేసి సూపెడితె గద” అన్నారు. వారం గడిచింది. ఇంగ్లీషు క్లాసులోనూ అంతే, నేను అందించకపోతే ఒక్క వాక్యం సొంతంగా పుట్టలేదు.

ఒక మధ్యాహ్నం భోజనాల వేళ లైబ్రరీ గది తలుపు వేసుకుని మోకరించాను. మనసులోనే అన్నాను: “ప్రభువా, నువ్వున్నావో లేవో అని వాదించే ఓపిక నాకు లేదు. గొంతు ఇయ్యి. నేను మాట్లాడకపోతే ఈ పిల్లలు మాట్లాడలేరు.” సహోదరులారా, ఆకాశం నుంచి ఏ స్వరమూ రాలేదు, వచ్చిందని చెబితే నేను అబద్ధికుణ్ణి. నేనన్న మాటే నాకు తగిలింది. వాళ్ళు మాట్లాడలేరా? మరి ఇన్నేళ్ళూ నేను నేర్పిందేమిటి? నా గొంతును నలభై నోళ్ళలో పెట్టి, అదే చదువనుకున్నాను! ఏ బాబా భక్తులను చూసి నవ్వానో, అలాంటి భక్తులనే నేనూ నా బడిలో తయారుచేశాను. ఏడుస్తూ మళ్ళీ అడిగాను: “తండ్రీ, నా గొంతు సంగతి నీ ఇష్టం. వీళ్ళ గొంతు నాకు వినిపించు.”

ఆ సాయంత్రం బోర్డు మీద ఒక ప్రశ్న రాసి వెనక బెంచీ మీద కూర్చున్నాను: “కూతుర్ని హాస్టల్లో వదిలిపోతూ ఆ తల్లి ఏమంటుంది?” నేను రాసిన డైలాగు రెండు పేజీలు ఉండేది. సరిత అనే తండా పిల్ల లేచింది. తండాలో అమ్మను యాడి అంటారు. “సార్, మా యాడి గింత లెక్చరు గొట్టది” అంది. అందరూ గొల్లున నవ్వారు. “అయితె నువ్వే జేసి సూపియ్యి రాదే!” అని ఎవరో ఎగదోశారు. ముందుకొచ్చింది. లేని మూట నెత్తికెత్తుకుంది, రెండడుగులు పోయి తిరిగొచ్చింది, ఎదురుగా ఉన్న పిల్ల జడ సర్దింది, మళ్ళీ పోయింది, మళ్ళీ వచ్చింది. “అన్నం పెట్టంగనె తిను బిడ్డా. నా కోసం సూసుకుంట ఆగకు” అంది. అంతే. గదిలో ఎవరూ నవ్వలేదు. ఏడాదిన్నరగా నా క్లాసులో ఉన్న పిల్ల సహోదరులారా, గుంపులో పెదవులు కదిపిన పిల్ల, ఆమె గొంతు విడిగా నేను వినడం అదే మొదటిసారి! దేవునికే మహిమ!

ఆ మాట తర్వాత కట్ట తెగింది. “మా నాయిన గట్ల కూసోడు”, “నీకేం దెలుసు, నువ్వు మూస్కో” అని కొట్లాడుకుంటూ నాటకమంతా వాళ్ళే తిరగరాశారు, తప్పో ఒప్పో ఇంగ్లీషులో నన్ను ప్రశ్నలడగడం మొదలుపెట్టారు. భూపాలపల్లిలో బహుమతి రాలేదు. పిల్లల మాటలు చివరి వరుసకు వినబడలేదన్నారు న్యాయనిర్ణేతలు. నాకు మాత్రం ప్రతి మాటా వినబడింది.

మూడు నెలల తర్వాత నాకు వచ్చింది ఇదిగో, ఈ బొంగురు గొంతు, సగమే. దీనికి గోలీలూ డాక్టరూ కారణం కాదా అని పాత స్నేహితులు అడుగుతారు. అవును, కారణమే! దానికీ వైద్యుడి చేతిలో విద్య పెట్టిన దేవునికే స్తోత్రం, గోలీలు పారేసి రమ్మనేవాడి మాట మాత్రం మీరు వినకండి. అయితే నాలో కట్టిన అసలు గడ్డ, నేనే మాట్లాడాలన్న గడ్డ, దానికి ఏ దవాఖానాలోనూ మందు లేదు, దాన్ని కరిగించినవాడు యేసే. ఆ పాత గొంతు మీద ఆశ చచ్చిందా అంటే లేదు. ఎక్కడైనా సభలో ఎవరైనా గట్టిగా మాట్లాడితే ఇప్పటికీ మనసు అటు లాగుతుంది. ఆ ఆశతోనే రోజూ మోకరిస్తున్నాను, ఆయన అలాగే రానిస్తున్నాడు.

మీలో నాలా వాదించి వాదించి అలసినవాళ్ళుంటే, గెలవాల్సిన పని లేని ఒక్కచోటు ఉంది, రండి, ఆయన దగ్గర కూర్చోండి. గొంతు లేకపోయినా ఆయన వింటాడు. ఇక నేను చాలిస్తాను. ఏళ్ళుగా ఇక్కడికి వస్తూ, ఎవరో సాక్ష్యం చెబితే ఆమెన్ అనడమే తప్ప ఒక్కసారీ లేవని అక్కలున్నారు, అవ్వలున్నారు. ఈ మైకు ఇక్కడే పెడుతున్నాను. మీ మాట వినాలని ఉంది.