బాలింత సాంబ్రాణికి బొగ్గు

రావులపాలెంలో బస్సెక్కిన పెద్దాయన నా పక్కన కూర్చుని, రుమాలు విప్పి, నల్లటి ముక్కొకటి నా ముక్కు దగ్గర పెట్టారు.

"వాసనేమైనా వస్తోందేమో కాస్త చూడండి."

అరటి మార్కెట్‌లో మిగిలిన బోదెల్నీ కుళ్ళిన కాయల్నీ బొగ్గుగా మార్చే ప్లాంటులో పని చేస్తారట. "పెద్ద కుక్కరనుకోండి. తడిచెత్త వేసి, మూత బిగించి, బాగా ఉడికిస్తే నల్లగా బొగ్గయిపోతుంది. తీసి ఆరబెట్టుకోవడమే."

ఆ రోజు వాళ్ళమ్మాయికి పురిటి స్నానం. తడి జుట్టుకి సాంబ్రాణి పొగ వెయ్యాలి. గ్యాసు పొయ్యి ఉన్న ఇంట్లో నిప్పులెక్కడివి? తన బొగ్గు తెస్తానని ఈయన అంటే, "కుళ్ళుతో చేసింది బాలింత దగ్గరికా?" అని భార్య కోప్పడ్డారట.

నేను గట్టిగా పీల్చి చూశాను. వేయించిన చింతపిక్కల వాసన. ఆ మాట అనగానే ఆయన మొహం వెలిగిపోయింది. ఇంటికి ఫోన్ కలిపి నా చేతిలో పెట్టేశారు.

"చెడు వాసనేం లేదండి," అన్నాను.

"మీరెవరండి?" అన్నారావిడ.

"బస్సులో ఆయన పక్కన కూర్చున్నానండి."

అవతల ఓ నిట్టూర్పు. "ఇందాక ఆటో ఆయన చేత కూడా ఇలాగే చెప్పించారు. ఇంకెవర్నీ ఇబ్బంది పెట్టకుండా తిన్నగా తెచ్చెయ్యమనండి. నీళ్ళు కాగుతున్నాయి."

ఆ కబురు చెప్పాక ఆయన బొగ్గుముక్కని పసిబిడ్డని చుట్టినట్టు రుమాల్లో చుట్టుకుని, దిగేదాకా ఒళ్ళోనే పెట్టుకున్నారు.

ఇప్పటికీ ఆ మార్కెట్ దాటేటప్పుడు బస్సులో అందరూ ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం ఎక్కడో ఎవరికో సాంబ్రాణి పొగ వేసి తల ఆరబెడుతున్నట్టు అనిపిస్తుంది.