ఏటి వైపు కిటికీలు

గోడ ఎక్కడ లేపాలన్నా నెరిడా ముందు మెడ వెనక తడి చేసుకునేది. కళ్లు మూసుకుని నిలబడేది. ఎటునుంచి చల్లగా తగిలితే అటు చెయ్యి చూపేది. కిటికీ అక్కడ. తర్వాతే కాగితం మీద గీత.

నేర్పింది డల్సీ పిన్ని. ఆస్ట్రేలియాకు తెల్లవాళ్లు రాకముందు నుంచీ ఊరి పక్క ఏటి గట్టు వాళ్ల జాతిదే. వరద ఎందాకా ఎక్కుతుందో, వడగాలి ఎటు మళ్లుతుందో, ఏ దిబ్బ మీద పడుకుంటే ఒంటికి హాయో పిన్నికి వాళ్లమ్మ చెప్పింది. నెరిడా సిడ్నీలో భవనాల చదువు ముగించి వచ్చి, ఊళ్లో డయాలసిస్ ఇల్లు ఆ మాటల ప్రకారమే కట్టింది. ఇసుక దిబ్బ మీద, దిమ్మిసతో గట్టిపరిచిన ఎర్రమట్టి గోడలు. ఏటి వైపు వరుసగా కిటికీలు. ఏసీ లేదు. నీళ్ల మీంచి వచ్చే గాలి చాలు. అందాకా సిటీలో, ఎవరూ తెలియని చోట యంత్రాలకు అతుక్కుని బతికిన ముసలివాళ్లు సొంత నేలకు తిరిగొచ్చారు.

ఏరు ఆగిపోతుందని నెరిడాకు తోచలేదు. పిన్నికీ తోచలేదు. పిన్ని వాళ్లమ్మకూ తోచి ఉండదు.

ఎగువన నీళ్లు పత్తి చేలకు మళ్లాయి. వానలు మొహం చాటేశాయి. ఈ వేసవిలో పారడం ఆగి, ఏట్లో మిగిలిన మడుగు నాచుతో పచ్చబడింది. ఒక పొద్దున చేపలన్నీ తెల్లటి కడుపులతో పైకి తేలాయి. నెరిడా పుట్టకముందు నుంచీ ఉన్న పెద్ద కాడ్ చేపలు కూడా. ఆ వాసన కిటికీల్లోంచి తిన్నగా మంచాల మీదికి వచ్చింది.

పెద్దాసుపత్రి మనిషి వచ్చి చెప్పి వెళ్లాడు. రేపటికల్లా ఏటి వైపు మొత్తం మూసి ఏసీలు పెట్టాలి. లేకపోతే అందరినీ సిటీకి తీసుకుపోతారు.

"మంచి ఇల్లే కట్టావే," అన్నాడు మంచం మీంచి క్లారీ మామ, ముక్కుకు తువ్వాలు చుట్టుకుని. "చేపల మార్కెట్లో కూడా ఇంత గాలి ఆడదు."

మంచాల మీద నవ్వులు. నెరిడా నవ్వలేదు.

"రేపు మూసేస్తాను మామా."

"నా పక్కది ముట్టుకోకు," అంది డల్సీ పిన్ని. ఆమె రక్తం గొట్టాల్లో తిరుగుతోంది.

"ఒక్కటి తెరిచున్నా ఒప్పుకోరు పిన్నీ."

"మీ బాబాయి పోయిననాడు ముక్కు మూసుకుని తలుపేసుకున్నామా? పక్కన కూర్చున్నాం. ఈ ఏరూ అంతే. కూర్చుంటాను."

"నిన్ను తీసుకుపోతారు."

"పోతారు. అక్కడ చస్తాను. తెలీదేంటి?"

"మరి నన్నేం చెయ్యమంటావు?"

"నన్నడుగుతావేంటే? నీకు నేర్పడానికి నా దగ్గర ఇంకేం లేదు."

నెరిడా గొట్టాల వైపు చూసింది.

మర్నాడు పొద్దున్నే లారీలోంచి చెక్కలు దించుకుని ఒక చివరనుంచి మొదలుపెట్టింది. పిన్ని కిటికీని ఆఖరుకు ఉంచింది. పిన్ని అప్పటికే దాని ముందు కుర్చీ వేసుకుని, బయటికి చూస్తూ కూర్చుంది.

"లే పిన్నీ."

లేవలేదు. నెరిడా బయటినుంచి, ఆమె ముఖానికి ఎదురుగా చెక్క ఆనించి, మేకు కొట్టింది.