అమ్మ పెళ్ళిచీర జెండా

మా వీధి చివర ఇస్త్రీ బండి దగ్గర గంజి పెట్టిన నూలుచీర కాలుతుంటే ఒక వాసన వస్తుంది. అది ముక్కుకి తగిలితే చాలు, ఈ వయసులో కూడా నాకు ఒళ్ళు మండిపోతుంది. మనవరాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీ.

యుద్ధం రోజులు. మాది బొల్లాపల్లి వైపు మెట్ట ఊరు, నాన్న మిషన్ బడిలో మాస్టారు. ఎండాకాలమంటే మాకు జొన్న సంకట్లో కొత్త మామిడికాయ పచ్చడి, తాటిముంజల నీళ్ళు కారి మరకలు కట్టిన గౌన్లు, మధ్యాహ్నం అరుగు మీద అష్టాచెమ్మా, పొద్దు వాలేదాకా వదలని పడమటి వడగాలి, ఆ గాలికి తలుపులు టపటపా కొట్టుకుంటుంటే గడియ పెట్టమని అమ్మ కేకలు. పక్కింటి మునసబుని నేను బాబాయీ అని పిలిచేదాన్ని. క్రిస్మస్‌కి మా ఇంట్లో వండిన అరిసెలు ముందు వాళ్ళింటికే వెళ్ళేవి. పేటకి పోయొస్తే నాకు జీళ్ళు తెచ్చేవాడు, భుజానెక్కించుకుని తాటితోపుకి తీసుకుపోయేవాడు. నాన్న కంటే ఆయన దగ్గరే నాకు చనువెక్కువ.

ఆ వేసవిలో, పటాలంలోకి మనుషుల్ని చేర్చుకునే దొర ఒకడు చిన్న విమానం తనే నడుపుకుంటూ వస్తున్నాడని మునసబుకి కబురొచ్చింది. చేను చదును చేయించాలి, గడకి తెల్లగుడ్డ కట్టాలి. అంతే చెప్పారు. గుడ్డ ఎందుకో ఎవరూ అడగలేదు, మర్యాదకి కట్టే జెండా అనుకున్నారంతా, నాన్నతో సహా. ఊళ్ళో అంత పొడుగు తెల్లగుడ్డ అమ్మ పెళ్ళిచీరొక్కటే. బాబాయి వచ్చి "వదినా" అని నోరు తెరిచి అడిగేసరికి అమ్మ కాదనలేక పెట్టె తీసింది.

గంజి పెట్టి కట్టినా అది గాలికి గడ చుట్టూ చుట్టుకుపోతుంటే బాబాయికి నచ్చలేదు. దొర పైనించి చూస్తే సిగ్గుచేటని, పైఅంచుకి వెదురుబద్ద కుట్టించి, బద్దని గడకి అడ్డంగా బిగించి, చావడి ఉన్న ఉత్తరం వైపుకి నిలబెట్టించాడు. నిచ్చెనెక్కి బిగించింది నాన్న. కింద నిలబడి ఇటు తిప్పు, అటు తిప్పు అన్నది బాబాయి. ఊరంతా చూసింది.

మర్నాడు విమానం ఊరి మీద తిరిగి, జెండా చూసుకుని, ఉత్తరం నించి చేలోకి దిగింది. నేలకి తగిలీ తగలకముందే పడమటి గాలి పక్కనించి విసురుగా కొట్టింది. కుడి రెక్క లేచింది, ఎడమ రెక్క నేలని గీరుకుని ఫెళ్ళున విరిగింది, విమానం గిర్రున తిరిగి ముక్కు మీద కూలింది. దొరని లాగి నులకమంచం మీద పడుకోబెట్టారు. కాలు విరిగిన నొప్పికి పళ్ళు బిగబట్టి ఆయన జెండా వైపే వేలు చూపించాడు. గాలి ఎటు కొడుతుందో ఆ గుడ్డ చెప్పాలంట, దాన్ని చూసి దిగుతారంట. ఆ ఇంగ్లీషు మాటలు ఊరివాళ్ళకి తెలుగులో చెప్పింది కూడా నాన్నే.

తప్పు ఎవరి మీద తేలితే వాళ్ళ కొలువు ఊడుతుందని అప్పుడే గుసగుసలు. విచారణకి తాలూకా నించి అధికారి వచ్చి, బద్ద కట్టమన్నదెవరని చావడిలో అడిగాడు. నాన్న బాబాయి వైపు చూశాడు. ఆయనే చెప్తాడనుకున్నాడు, పిచ్చి నాన్న.

"మాస్టారే కట్టాడండీ. చదువుకున్నోడు గదా, నాకేం తెలుసు?" అన్నాడు బాబాయి.

"అదేంది తమ్ముడూ," అన్నాడు నాన్న. చావడి నిండా జనం, ఒక్కడు నోరు మెదిపితే ఒట్టు. రేపు మునసబుతో పని పడుద్ది గదా! నాకే నోరాగలేదు.

"నువ్వే గదా బాబాయీ, అటు తిప్పమన్నది?"

ఆయన నవ్వాడు. పసిది, దానికేం తెలుసులే అని అధికారికి చెప్తూ నా తల నిమిరాడు. ఆ చెయ్యి నా నెత్తి మీద ఇప్పటికీ ఉన్నట్టే ఉంటది.

నాన్న కొలువు పోయింది. బడివాళ్ళిచ్చిన ఇల్లు ఖాళీ చేసి పేట చేరాం. పత్తిమిల్లులో బేళ్ళు మోయించే పనికి కుదిరిన నాన్న మళ్ళీ ఎవరికీ పాఠం చెప్పలేదు.

ఇప్పుడు అరుగులు లేవు, ఆ తాటితోపూ లేదు. మా వీధి పిల్లలు పక్కింటాయన్ని అంకుల్ అంటారు. నోరారా బాబాయీ, పెదనాన్నా అని పిలుచుకునే కాలం పోయిందని నా ఈడు వాళ్ళు తెగ బాధపడుతుంటారు. అరుగుల కోసం, ముంజల కోసం వాళ్ళతోపాటు నేనూ బాధపడతాను. ఆ పిలుపు కోసం మాత్రం పడను.