మా అన్నకు సరిపడే అక్షరం

నేను తిరుపతిలో వెబ్‌సైట్లు తయారు చేసే ఆఫీసులో చేరిన రోజుల్లో ఆ పనికి అన్నిటికన్నా ముఖ్యమైన సామాను కంప్యూటరు కాదు, ప్రింటరు. వేళాకోళానికి చెప్పడం లేదు. లాడ్జీ వాళ్లయినా, కాలేజీ వాళ్లయినా, పట్టుచీరల అంగడి వాళ్లయినా మా మానిటరు ముందు కూర్చుని తమ పేజీ ఎలా ఉందో చూసుకున్న పాపాన పోలేదు. "ఒక కలర్ ప్రింటు తీసియ్యమ్మా, మా సారుకు సూపించాల" అనేవాళ్లు. తీసిచ్చేదాన్ని. ఆ సారు దాన్ని పెళ్లిపత్రిక చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసి, మూలన సంతకం పెట్టి పంపేవాడు. సంతకం పడిందంటే వెబ్‌సైటు ఖాయమైనట్టే.

కాగితం ఒకటే కాబట్టి అన్నీ ఆ ఒక్క కాగితంలో పట్టాలి. ముందు యజమాని ఫొటో, అది తగ్గకూడదు. తర్వాత స్వామి పటం, అది అసలే తగ్గకూడదు. ఆ పైన బిల్డింగు, దాని ముందర పూలకుండీలు. ఇవన్నీ దర్జాగా కూర్చున్నాక మిగిలిన సందుల్లో అక్షరాలు సర్దుకోవాలి. పన్నెండు సైజు పదయ్యేది, పది తొమ్మిదయ్యేది. మంచి ప్రింటరు కావడంతో కాగితం మీద తొమ్మిది కూడా చక్కగానే కనిపించేది. తెర మీద మాత్రం చీమలు బారు కట్టినట్టుండేది. "ఇవి చదవలేరు సార్" అంటే మా ఓనరు నవ్వేవాడు. ఆయన మద్రాసులో కోర్సు చేసి వచ్చిన మనిషి. "పెద్దక్షరాలు పెడితే సినిమా పోస్టరు మాదిరి ఉంటాదమ్మా. చిన్నగా ఉంటేనే క్లాసు" అనేవాడు. నాకు ఒళ్లు మండేది. అలా మండడానికి కారణం మా ఇంట్లోనే ఉండేది.

మా అన్న ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో తెలుగు లెక్చరరు. ఇద్దరం బైరాగిపట్టెడలో ఒక చిన్న పోర్షన్‌లో ఉండేవాళ్లం. మా ఊరు పూతలపట్టు దగ్గర. చిన్నప్పుడు దీపాలు పెట్టే వేళయితే అన్న చెయ్యి నా భుజం మీద పడేది. నేను నడిస్తే తను నడిచేవాడు. రేచీకటి అన్నారు పెద్దవాళ్లు. పొన్నగంటాకు తినిపించారు, మేక కార్జం తినిపించారు. అన్న అన్నీ తిన్నాడు. చూపు మాత్రం పక్కల నుంచి తగ్గుతూనే వచ్చింది.

తను డిగ్రీకి వచ్చాక నాయన వేలూరు తీసుకుపోయి కంటి డాక్టరుకు చూపించాడు. నేనూ వెళ్లాను. డాక్టరు అన్నీ చూసి, నాయనను ఒకే మాట అడిగాడు. "సొంతంలో చేసుకున్నారా?" మా నాయన మా అమ్మకు సొంత మేనమామ. అక్క కూతురిని చేసుకున్నాడు. మా పక్క అదొక చెప్పుకోదగ్గ సంగతే కాదు. "సొంతంలో కాకుంటే ఇంగ యాడ సేసుకుంటాం సార్? మాకేమన్నా మనుషులు లేకనా?" అన్నాడు నాయన, పౌరుషంగా. డాక్టరు పెన్ను తీశాడు. కాగితం మీద పెద్ద సున్నా గీశాడు. దాని లోపల ఇంకో సున్నా, దాని లోపల ఇంకా చిన్నది. చూపు ఇలా మూసుకుంటూ వస్తుందని, దీనికి మందు లేదని చెప్పాడు.

తిరుగు బస్సులో కాట్పాడి దాటాక నాయన అన్న చెయ్యి పట్టుకుని, "ఎవురికీ సెప్పొద్దు నాయనా" అన్నాడు. అన్న ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండానే పై చదువు చదివాడు, చెప్పకుండానే ఉద్యోగం తెచ్చుకున్నాడు. పెళ్లి మాటెత్తితే లేచి వెళ్లిపోయేవాడు. క్లాసులో పుస్తకం తెరవకుండా పాఠం చెప్తాడని పిల్లలు గొప్పగా చెప్పుకునేవాళ్లు. స్టాఫ్ రూములో ఎప్పుడూ కిటికీ పక్క కుర్చీయే. మధ్యలో మిగిలిన ఆ చిన్న సున్నాతోనే లోకాన్ని నెట్టుకొచ్చాడు. కంటి సంగతి కాలేజీ వాళ్లకు తెలిసిన రోజున ఉద్యోగం ఉండదని మా ఇద్దరికీ తెలుసు.

ఆఫీసులో పక్కన పడేసిన పాత కంప్యూటరొకటి ఓనరు నాకిచ్చాడు. ఇక మా అన్న కష్టం గట్టెక్కినట్టే అనుకున్నాను. పత్రికలో అక్షరాన్ని ఏమీ చెయ్యలేం, తెర మీద అక్షరాన్ని ఎంత కావాలంటే అంత పెంచుకోవచ్చు కదా. వారపత్రికలో వచ్చిన కథ ఒకటి టైపు చేసి, ఒక్కో అక్షరం అరచెయ్యంత చేసి, అన్నను పిలిచి కూర్చోబెట్టాను. మెచ్చుకుంటాడని వెనక నిలబడ్డాను.

"ఏం మే ఇది?" అన్నాడు.

"కథన్నా. కనపడలా?"

"ఒక కొమ్ము కనపడతా ఉండాది. అది దేని కొమ్మో కనపళ్లా. తగ్గించు."

"తగ్గిస్తే ఎట్లన్నా?"

"తగ్గించు మే, సెప్తా ఉండా గదా!"

తగ్గించాను. అప్పటికి గానీ నా మట్టిబుర్రకు ఎక్కలేదు. అన్నకు కనిపించేది రూపాయి బిళ్లంత మేర. అక్షరాన్ని అరచెయ్యంత చేస్తే అందులో ముక్కే పడుతుంది. తెలుగు అక్షరానికి నెత్తి మీద గుడులు, కాళ్ల కింద వత్తులు. పెద్దవి చేసిన కొద్దీ గుడి పైకి, వత్తు కిందికి ఆ బిళ్ల దాటి పోయేవి. మరీ చిన్నవి చేస్తే అన్నీ కలిసి ముద్దయ్యేవి. ఆ రెండింటి మధ్య ఎక్కడో అన్నకు సరిపడే సైజొకటి ఉంది. పెంచుతూ తగ్గిస్తూ దాన్ని వెతికాం. "ఆఁ, ఈడ ఆపు" అన్నాడు చివరికి. ఆ సాయంత్రం కథంతా తనే చదువుకున్నాడు. నేను చదివి వినిపిస్తానంటే అన్నకు ఎక్కడ లేని కోపం వచ్చేది. "నా కండ్లు ఇంగా సావలేదు" అనేవాడు. కొన్నాళ్లకు ఆ సైజు పనికిరాకుండా పోయేది. మళ్లీ వెతికేవాళ్లం. అన్నతో అలా కూర్చున్న ఆదివారాల్లో కంప్యూటరు కోర్సుల్లో ఎవరూ చెప్పని సంగతి నేర్చుకున్నాను. చదివేవాళ్ల కన్ను ఎలాంటిదో పేజీ చేసేవాళ్లకు తెలియదు. కాబట్టి సైజు మార్చుకునే దారి వాళ్లకు వదిలెయ్యాలి.

దారి ఉండేది కూడా. బ్రౌజరులో పై వరసలోని మెనూ నొక్కితే అక్షరాలు పెరిగేవి, తగ్గేవి. కానీ పేజీ చేసేటప్పుడే సైజును బిగించేస్తే, చదివేవాళ్లు ఆ మెనూ ఎన్నిసార్లు నొక్కినా అక్షరం కదలదు. మా ఆఫీసులో అందరికీ బిగించడమే అలవాటు. ప్రింటుకూ తెరకూ వెంట్రుకవాసి తేడా రాకూడదు మరి.

అలాంటప్పుడు అన్న పనిచేసే కాలేజీ వాళ్లే మా ఆఫీసుకు వచ్చారు. కాలేజీకి వెబ్‌సైటు కావాలి, అందులో లెక్చరర్ల కోసం రోజువారీ నోటీసుల పేజీ కావాలి. ఎవరు ఏ క్లాసుకు మారారు, ఎవరు సెలవు, అన్నీ పొద్దున్నే స్టాఫ్ రూము కంప్యూటరులో చూసుకోవాలట. అంతకు ముందు అటెండరు నోటీసు పట్టుకొచ్చేవాడు. అన్న కిటికీ వెలుతురుకు పట్టుకుని ఎలాగో చదువుకునేవాడు, లేదంటే మాటల్లో పెట్టి పక్కవాళ్లతో చెప్పించుకునేవాడు. ఇప్పుడు కాగితమూ లేదు, ఎవరిది వాళ్లే తెరలో చూసుకోవాలి కాబట్టి ఆ రెండు దారులూ మూసుకుపోయాయి.

ఆ పేజీ నేను చేశాను. ప్రింటులో వాళ్లు కోరినట్టే చీమల బారు ఉంచాను. లోపల మాత్రం సైజు బిగించలేదు. అన్నకు మెనూ ఎక్కడుందో, ఎన్నిసార్లు కిందికి దిగాలో చూపించాను. అన్న అందరికన్నా ముందు కాలేజీకి వెళ్లి, తనకు సరిపడే సైజుకు తెచ్చుకుని, చదువుకుని, మళ్లీ ఎప్పటిలా పెట్టేసి లేచేవాడు. నెలల తరబడి సాగిందది. ఆ పేజీ చూసినప్పుడల్లా నాకు గర్వంగా ఉండేది. జీవితంలో ఒక్క మంచి పేజీ చేశానని నిజంగానే అనుకున్నాను.

ఒకరోజు అన్న సైజు మళ్లీ మార్చకుండానే లేవాల్సి వచ్చింది. ఎవరో పిలిచారట. అదే పొద్దున చైర్మన్ చుట్టాలెవరికో కాలేజీ చూపిస్తూ స్టాఫ్ రూముకు వచ్చాడు. తెర మీద అక్షరాలు పెరిగి, ఆయన ఫొటో కింద ఉండాల్సిన పేరు రెండో వరసకు జారి ఉంది. ఆయన పంపిన మనిషి, సంతకం పడిన ప్రింటు పట్టుకుని నేరుగా మా ఆఫీసుకు వచ్చాడు. "ఈడ ఒక మాదిరి ఉండాది, ఆడ ఇంగో మాదిరి ఉండాది. ఏందప్పా ఇది?" అని గట్టిగా అడిగాడు. నేను ఆ రోజు ఆఫీసులో లేను. మా ఊళ్లో చుట్టాలింట్లో పెద్దకర్మకు వెళ్లాను. ఓనరే కూర్చుని, చిటికెలో సైజు బిగించేశాడు.

నేను ఊరి నుంచి రాకముందే అంతా అయిపోయింది. మర్నాడు పొద్దున అన్న ఎప్పటిలా మెనూ నొక్కాడు. అక్షరం కదల్లేదు. మళ్లీ నొక్కాడు. ఈలోగా ఒక్కొక్కరే రావడం మొదలుపెట్టారు. తెరకు మొహం ఆనించి చూసే ధైర్యం లేక లేచేశాడు. ఆ రోజు తన క్లాసు ఇంకో సెక్షనుకు మార్చారని నోటీసులో ఉంది. అన్న పాత గదికే వెళ్లాడు. అటు ఆ సెక్షను పిల్లలు గోల చేస్తుంటే ప్రిన్సిపాలు వచ్చి అన్నను స్టాఫ్ రూముకు పిలిపించాడు. అందరూ ఉన్నారు.

"ఇంత స్పష్టంగా రాసుంటే సూసుకోలేదా సార్? ఏదీ, సదవండి" అన్నాడట.

అన్న ఆ పేజీ ముందు కూర్చున్నాడట. తోచింది చెప్పి తప్పించుకోవచ్చు. తలనొప్పి అనొచ్చు, అద్దాలు మర్చిపోయానని చెప్పొచ్చు. ఏమీ చెప్పలేకపోయానని నాతో అన్నాడు. అలా కూర్చునే ఉన్నాడట. ఎవరో జాలిపడి, "ఎన్నాళ్లుగా సార్?" అని అడిగారట.

మెత్తగానే తీసేశారు. మంచి మాస్టారు పోతున్నారని శాలువా కూడా కప్పారు. తల్లిదండ్రులు అడిగితే ఏం చెప్పుకోవాలి సార్, మీరే అర్థం చేసుకోవాలి అన్నారు. ఆ శాలువాను నేను చుట్టచుట్టి బీరువా మీద విసిరేశాను.

ఓనరుతో పోట్లాడాను. ఆఫీసులో అందరూ వినేలాగే అరిచాను. ఆయన కోప్పడలేదు, పాపం. "మీ అన్నని నాకేం తెల్సమ్మా? కస్టమరు సంతకం పెట్టింది ఆ ప్రింటు మీదే గదా" అన్నాడు. వచ్చి నా సీటులో కూర్చున్నాను. మానేద్దామనుకున్నాను, మానలేదు. ఇంట్లో సంపాదించేది నేనొక్కదాన్నే మిగిలాను. ఆ మధ్యాహ్నమే ఇంకో లాడ్జీ పేజీకి తొమ్మిది సైజు పెట్టి బిగించాను. అంత ఏడుపు ఆ ఉద్యోగంలో నాకెప్పుడూ రాలేదు.

"బిగించకుండా ఉండుంటే నీకీ గతి పట్టేది కాదన్నా" అని అన్నాను ఇంట్లో.

"అక్షరం చిన్నదైనందుకు కాదు మే. అందురి ముందర పెంచుకుంటానని అడిగేదానికి నాకు నోరు రాలా. అడిగుంటే నా కండ్ల సంగతి ఎప్పుడో తెలిసిపోయుండును" అన్నాడు. ఆ తర్వాత కాలేజీ మాట మళ్లీ ఎత్తలేదు.

ఇక అన్నకు మిగిలింది మా ఆదివారాలు. ప్రతి వారం ఏదో ఒకటి టైపు చేసి పెట్టేదాన్ని. సైజు వెతికేవాళ్లం. "పెంచు", "ఆఁ కాదు, తగ్గించు", "ఈడ ఆపు." చదవడం మాత్రం నెమ్మదించింది. ఒక పేజీకి నేను వంట ముగించుకుని వచ్చేంతసేపు పట్టేది. తొందర లేదు కదా, కానివ్వు అనేదాన్ని.

ఒక వారం కంప్యూటరుకు వైరస్ పట్టింది. ఆఫీసుకు తీసుకుపోయి అంతా చెరిపేసి, మళ్లీ మొదట్నుంచీ ఎక్కించి తెచ్చాను. ఆదివారం అన్న వచ్చి ముందు కూర్చున్నాడు. నేను ఫైలు తెరిచాను. తెలుగు ఫాంటు ఎక్కించడం మర్చిపోయాను. అప్పట్లో ఆ ఫాంటు లేకపోతే తెలుగు తెలుగులా కనిపించేది కాదు. తెర నిండా ఇంగ్లీషు అక్షరాలు, కొక్కేలు, చుక్కలు, అర్థం పర్థం లేని గీతలు. అయ్యో, ఉండన్నా అనబోయాను.

"ఆఁ, ఈ సైజు బాగుండాది మే. మార్చొద్దు" అన్నాడు అన్న.

మౌసు మీది చెయ్యి వెనక్కి తీసుకున్నాను. అన్న ముందుకు వంగి, తలను ఎడమ నుంచి కుడికి మెల్లగా కదిలిస్తూ, వరస చివరికి రాగానే మళ్లీ ఎడమకు తెచ్చుకుంటూ చదవసాగాడు. ఒకచోట చిన్నగా నవ్వాడు కూడా. ఎప్పటి నుంచి ఇలా చదువుతున్నాడో నాకు తెలియదు. గట్టిగా పట్టుకుని ఏడవాలనిపించింది. కాలేజీని, డాక్టరును, మా నాయనను, అందరినీ తిట్టాలనిపించింది. ఏదీ చెయ్యలేదు. చేస్తే అన్నకు తెలిసిపోతుంది.

ఒక పేజీకి ఎంతసేపు పడుతుందో అంతసేపూ చదివి, అన్న వెనక్కి వాలాడు.

"అయిపోయింది, తిప్పు మే" అన్నాడు.

నేను తరవాతి పేజీకి తిప్పాను.